మోల్ మీద కొసరు

సృష్టిలో ప్రతి పదార్థానికీ ఒక మోల్ ఉంటుంది. మా జిల్లాలో ప్రతి మోల్‌కూ ఒక ఆఫీసర్ ఉంటారు. మొదటిది సైన్సు, రెండోది సర్క్యులర్. రెండింటికీ తేడా వస్తే సర్క్యులరే నిలుస్తుందన్నది ఇన్నేళ్ల సర్వీసులో నేను సొంతంగా కనిపెట్టిన ఒకే ఒక్క రసాయన సూత్రం.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను. పోయినేడు పదో తరగతి పిల్లలకు మోల్ లెక్కలు రావడం లేదని పైన ఎవరికో అనుమానం వచ్చింది. (అనుమానం సరైందే. నన్నొక్క మాట అడిగితే అప్పుడే చెప్పేవాణ్ని.) వెంటనే ‘నిత్య మోల్’ అనే పథకం, దానికి ‘మోల్ మిత్ర’ అనే యాప్, ఆ యాప్‌ను చూసుకోడానికి శ్రీశైలం గారు అనే పర్యవేక్షణాధికారి పుట్టుకొచ్చారు. ప్రతి విద్యార్థీ రోజుకు పది లెక్కలు చేయాలి. చేసిన లెక్క ఫొటో, చేస్తున్నప్పటి ఫొటో, చేశాక ఆనందంగా ఉన్న ఫొటో పెట్టాలి. ఆనందాన్ని యాప్ శాతాల్లో కొలుస్తుంది.

ఈ మూడో ఫొటోతో నా ప్రాణం పోయింది. మోల్ లెక్క చేశాక ఆనందంగా ఉన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు, అద్దంలో కూడా. చివరికి మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు తీసిన ఫొటోలన్నీ దాచుకుని, రోజుకిన్ని పెట్టాను. ‘అభినందనీయం’ అని జవాబొచ్చింది.

ఇంతకూ పిల్లలకు మోల్ ఎక్కలేదు. ఒక మోల్ అంటే, ఆరు వేసి పక్కన ఇరవై మూడు సున్నాలు పెడితే దాదాపు అన్ని కణాలు అని చెప్తే వాళ్లు నా ముఖం చూసేవాళ్లు. నేను బోర్డు వైపు తిరిగేవాణ్ని. (బోర్డు ఏమీ అడగదు.) అట్లా కొన్నాళ్లు గడిచాక నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఎండాకాలం వస్తే మా దగ్గర ఇంటిల్లిపాదీ అడవికి పోయి తునికాకు కోస్తారు. బీడీలు చుట్టే ఆకు. యాభై ఆకులు పేర్చి కడితే ఒక కట్ట. ఆకు కొనే చోటును కల్లం అంటారు, అక్కడ లెక్కంతా కట్టల్లోనే.

“చూడుండ్రి,” అన్నాను. “ఆకులకు కట్ట ఎట్లనో అణువులకు మోల్ గట్ల. మోల్ అంటే కట్టనే!”

క్లాసు క్లాసంతా తలూపింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఘనకార్యాన్ని నాలుగు పేజీలు రాసి పంపిస్తే శ్రీశైలం గారు ప్రశంసాపత్రం ఇచ్చారు. దానికి ఫ్రేము కట్టించి స్టాఫ్ రూమ్‌లో పెట్టుకున్నాను. తోటి టీచర్లు దాని మీద టిఫిన్ డబ్బాలు పెట్టేవాళ్లు, అది వాళ్ల సంస్కారం.

అంతలో మహా మోల్ పరీక్ష వచ్చిపడింది. బడిలో మొదట వచ్చిన ఒక్కరికి ఖమ్మంలో ఇంటర్ సైన్సు సీటు, హాస్టల్‌తో సహా ఉచితం. మా బడిలో అది నవతకు రావాలి. తునికాకు కోసే ఆదెమ్మ కూతురు. బోర్డు మీద నా సమీకరణం తూకం తప్పితే, “సార్, ఆక్సిజన్ ఒకటి ఎక్కువైంది,” అని చెప్పేది ఆ పిల్లే. (మెల్లగా చెప్పేది. నా పరువు మీద ఆ మాత్రం దయ చూపిన వాళ్లు మా ఇంట్లో కూడా లేరు.)

ఆదెమ్మ ముందే వచ్చి చెప్పిపోయింది. “సారూ, సీటు వస్తే పంపిస్త. రాకుంటే మాతోని గాదు. కిరాయి కట్టి ఖమ్మంల చదివిచ్చేటంత లేదు మాకు. నాతోని మిరపకాయ ఏరను వస్తది.”

పరీక్షలో ఒక ప్రశ్న: నలభై నాలుగు గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావాలంటే ఎంత సున్నపురాయిని కాల్చాలి? జవాబు వంద గ్రాములు. మా పిల్లలు అందరికందరూ నూట ఐదు అని రాశారు. ‘ఎంత కావాలి’ అని అడిగిన ప్రతిచోటా అంతే, నూటికి ఐదు కలిపారు. నవత కూడా.

సాయంత్రానికి యాప్‌లో మా బడి పేరు ఎర్రబడింది. మూకుమ్మడి కాపీ! (తలా ఒక తప్పు రాస్తే అది వెనుకబాటు, దానికి అదనపు తరగతులున్నాయి. అందరూ ఒకే తప్పు రాస్తే అది నేరం.) శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే మా సీటు పక్క బడికి పోతుంది.

క్లాసులోకి పోయి ఎగిరిపడ్డాను. “ఎవలది చూసి ఎవలు రాసిన్రు? నిజం చెప్పుండ్రి!”

నవత లేచి నిలబడింది. “ఎవలదీ చూడలే సార్. కొసరు కలిపినం.”

“ఏం కొసరు?”

“కల్లంల వంద కట్టలు రాసుకోవాలంటే నూట ఐదు ఇయ్యాలె గద సార్. చినిగినయ్ ఉంటయ్, ఎండిపోయినయ్ ఉంటయ్ అని ఐదు కొసరు తీసుకుంటరు. మోల్ అంటే కట్టనే అని మీరే చెప్పిన్రు.”

నేను కుర్చీలో కూలబడ్డాను. ఇన్నేళ్లకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పిల్లలు నా మాట పూర్తిగా విన్నారు. ఎంత నష్టం జరిగిందో చూడండి.

మర్నాడు జిల్లా ఆఫీసుకు పోయాను. శ్రీశైలం గారు నెమ్మదస్తులు. ఎవరు ఏ గోడు చెప్పుకోవడానికి వచ్చినా ముందు టీ తెప్పిస్తారు. కట్ట, కల్లం, కొసరు, అన్నీ విడమర్చి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని కంప్యూటర్ నా వైపు తిప్పారు.

“రమణ గారూ, యాప్‌ల కారణాలు మూడే ఉన్నయ్. చూసి రాసిన్రు. అడిగి రాసిన్రు. టీచర్ తప్పు చెప్పిండు. ఏది నొక్కాలె?”

“అర్థం చేసుకుని రాసిన్రు అని లేదా సార్?”

“గట్ల ఎక్కడన్న జరుగుతదా?” అన్నారాయన, నిజంగానే తెలుసుకోవాలని. “జరిగేదుంటే ఆప్షన్ పెట్టేటోళ్లం గద.”

“మూడోది నొక్కితే?”

“పిల్లలకు మళ్ల పరీక్ష. మీకు శిక్షణ.”

మూడోది నొక్కాను. త్యాగమేమీ కాదు, నిజమే కదా. ఆ సాయంత్రమే ప్రశంసాపత్రం వాపసు చేయాలని మెసేజ్ వచ్చింది, ఫ్రేముతో సహా.

రెండో పరీక్షకు ముందు పిల్లలకు ద్రవ్య నిత్యత్వ నియమం బల్ల గుద్ది మరీ చెప్పాను. “ఎంత పెడితే అంతే వస్తది. ప్రకృతి దగ్గర కొసరు లేదు. ఎవలన్న అడిగినా ఇయ్యొద్దు. యాదుంచుకోండ్రి!”

నవత వంద అని రాసింది. సీటు వచ్చింది. బడి పేరు పచ్చబడింది. ఎండాకాలం సెలవుల్లో నేను శిక్షణలో కూర్చుని రోజుకు పది లెక్కలు చేసి, చేశాక ఆనందంగా ఉన్న ఫొటో పెట్టాను. (నాకు గుడ్డు కూడా లేదు.)

సీటు వచ్చిన పిల్లను ఇంటివాళ్లతో ఫొటో తీసి పెట్టాలని మేలో ఇంకో ఆదేశం వచ్చింది. నవత ఇంటికి పోతే తాళం. తల్లీకూతుళ్లు కల్లంలో ఉన్నారు. కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆకు కొనే పగిడయ్య పక్కన నిలబడి ఉన్నాడు.

“వంద,” అంది నవత.

“ఐదు ఏవి?”

“వంద ఉన్నయ్, వందే రాసుకో పెదనాయనా. ఎవలన్న ఎక్కువ అడిగితే ఇయ్యొద్దన్నడు మా సార్.” అంతలో నన్ను చూసి ముఖం విప్పారింది. “గో, సారే వచ్చిండు! చెప్పుండ్రి సార్!”

పగిడయ్య కోపపడలేదు. “అవ్ సార్, చెప్పుండ్రి,” అన్నాడు. “రేపటి సంది వీళ్ల ఆకు ఎవలకు అమ్మాల్నో అది గూడ చెప్పుండ్రి.”

చుట్టుపక్కల ఇంకో కల్లం లేదు. ఆదెమ్మ నా వైపే చూస్తూ ఉంది. ద్రవ్య నిత్యత్వ నియమం నా గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఇచ్చెయ్ నవతా,” అన్నాను చివరికి.

“మరి పరీక్షల వందే కరెక్ట్ అన్నరు గద సార్?”

“రాసేది వందే అమ్మా. ఇచ్చేది నూట ఐదు.”

ఆ పిల్ల పోయి ఇంకో ఐదు కట్టలు తెచ్చి పెట్టింది. పగిడయ్య వంద అని రాసుకున్నాడు. నేను తల్లీకూతుళ్లను పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీసి పంపించాను.

ఆనందం ఐదు శాతం తక్కువగా ఉందని యాప్ తిప్పి పంపింది.