అత్తగారి గొంతు, ఎర్ర మూత

ఆ రోజు పొద్దున డాక్టరమ్మ వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. వేళకు బస్సెక్కాలి, ల్యాబు చేరాలి, హామ్‌స్టర్లనే బొద్దు ఎలుకలకు జబ్బు చేయించాలి. వీధిలో అందరూ ఆమెను డాక్టరమ్మ అనే పిలుస్తారు గాని, ఆమె ఇంతవరకు ఒక్కరికి కూడా జ్వరం తగ్గించి ఎరగదు. ఆమె ఉద్యోగమే జ్వరం తెప్పించడం.

కొండల కింది ఊళ్లలో గబ్బిలాల నుంచి మనుషులకు అంటుకున్న ఓ కొత్త వైరస్ చాలామందిని పొట్టన పెట్టుకుంది. డాక్టరమ్మ నమూనాల కోసం అక్కడికి వెళ్లినప్పుడు, కూతురిని పోగొట్టుకున్న ఒక తల్లి ఆమె చేయి పట్టుకుని "మందు ఎప్పుడొస్తుందమ్మా? ఇంకా చిన్నది ఉంది నాకు" అని అడిగింది. మందు రావాలంటే ముందు ఏదో ఒక జంతువుకు ఆ జబ్బు రావాలి. వస్తేనే మందు వేసి చూడగలరు. కాని ఆ బొద్దు ఎలుకలున్నాయే, వాటి ముక్కుల్లో ఎన్నిసార్లు వైరస్ చుక్కలు వేసినా నిక్షేపంగా తిని, చక్రాలెక్కి తిరిగి, ఇంకాస్త ఒళ్లు చేసేవి. నెలాఖరులోగా ఒక్కటైనా జబ్బు పడకపోతే ల్యాబు మూసేస్తామని నిధులిచ్చే కమిటీ తేల్చి చెప్పింది.

చెప్పులేసుకుంటుంటే అత్తగారు దగ్గుతూ ఎదురొచ్చింది.

"ఎలుకలకు రోజూ ఒళ్లు పట్టుకుని చూస్తావు. నా గొంతు ఎప్పుడైనా చూశావుటే?"

"చూస్తాను అత్తయ్యా, సాయంత్రం..."

"సాయంత్రానికి నేనుంటానో లేదో! ఎలుకగా పుట్టినా బాగుండేది ఈ ఇంట్లో."

ఆ మాట పడ్డాక ఇక బస్సు ఎక్కడ అందుతుంది? డాక్టరమ్మ దూది పుల్లతో అత్తగారి గొంతు తుడిచి, ఆ పుల్లను మందునీళ్లున్న చిన్న గొట్టంలో ముంచి, మూత బిగించి, ఐసు డబ్బాలో పెట్టుకుంది. ల్యాబు కింది అంతస్తులో రోగుల పరీక్షలు చేస్తారు. అక్కడ ఇచ్చేస్తే సరిపోతుంది. సంచిలో దొరికిన మూత ఎర్రది. దాని గురించి ఆమె ఆలోచించలేదు.

ఆలోచించాల్సింది. ఎందుకంటే ఎర్ర మూత నియమం పెట్టింది ఆమే. వెనక ఎవరో గొట్టాలు తారుమారు చేశారని, జంతువులకు వేయాల్సిన వైరస్‌కు మాత్రమే ఎర్ర మూత ఉండాలని పోట్లాడి, గోడమీద కాగితం కూడా అంటించింది: "ఎర్ర మూత కనిపిస్తే మళ్లీ అడగక్కర్లేదు."

జంతువుల గది చూసుకునే ఆవిడకు ఆ కాగితం ప్రాణం. ఆవిడను అందరూ తొందరమ్మ అంటారు. చెప్పబోయే పని కూడా ముందే చేసేసి ఉంచుతుంది. ఐసు డబ్బా బల్లమీద పెట్టి, ఫ్రీజర్‌లోంచి అసలు గొట్టం తీద్దామని డాక్టరమ్మ అటు తిరిగేసరికి డైరెక్టరుగారి నుంచి పిలుపొచ్చింది. ఆయన గదిలో నిలబెట్టి మరీ చివాట్లు పెట్టాడు.

"మీ ఎలుకలకు నాకన్నా ఆరోగ్యం ఎక్కువగా ఉందమ్మా! కమిటీకి ఏం చూపించమంటారు, వాటి బుగ్గలా?"

కళ్లు తుడుచుకుని తిరిగొచ్చేసరికి తొందరమ్మ చేతులు కడుక్కుంటోంది.

"మీరు రావడం ఆలస్యమైందని నేనే వేసేశాను మేడమ్. ఒక్కదాన్నీ వదల్లేదు."

ఫ్రీజర్ తాళంచెవి ఆవిడ దగ్గర కూడా ఉంటుంది కనుక, తీసింది అసలు గొట్టమే అనుకుంది డాక్టరమ్మ. చివాట్ల మధ్య అత్తగారి గొంతు ఎప్పుడో మనసులోంచి జారిపోయింది.

వారం తిరక్కుండానే హామ్‌స్టర్లు తుమ్మాయి. ఒకటి కాదు, గదంతా తుమ్మింది. బొచ్చు లేచి, తిండి మానేసి, ముడుచుకుని పడుకున్నాయి.

"జ్వరం మేడమ్! అన్నిటికీ జ్వరం!" అని తొందరమ్మ వసారాలో పరుగెత్తింది. డాక్టరమ్మ గోడకు ఆనుకుని ఏడ్చేసింది. ఆ తల్లికి ఇప్పుడు ఏదో ఒక జవాబు చెప్పవచ్చు.

"ముందు అది ఏ వైరసో పరీక్ష చేసి నిర్ధారిద్దాం సార్" అంటే డైరెక్టరు వినలేదు.

"నిర్ధారణ తరవాత! ముందు సంతోషించండి!" అంటూ పేపర్లవాళ్లకు ఫోన్ చేశాడు. మర్నాడు పేపర్లో ఆయన ఫొటో పెద్దదిగా, హామ్‌స్టర్‌ది చిన్నదిగా పడ్డాయి. డాక్టరమ్మది పడలేదు. కమిటీ మొత్తం స్వయంగా వస్తానని కబురు చేసింది.

కమిటీ వచ్చే రోజు పొద్దున అత్తగారు ఆ పేపరు మడిచి పక్కన పెట్టింది.

"ఎలుకలకు జబ్బొస్తే పేపర్లో వేస్తారు. నాకొస్తే రిపోర్టు కూడా ఉండదు. నా గొంతు ఏమైందే? దానంతటదే తగ్గిపోయిందనుకో, అయినా అడుగుతున్నా."

డాక్టరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది, ఐసు డబ్బాలో పెట్టిన గొట్టం.

ల్యాబుకు పరుగెత్తి ఫ్రీజర్ తీసింది. అసలు గొట్టం మంచు పట్టి, ఎవరూ ముట్టనట్టే అక్కడుంది. తొందరమ్మను అడిగితే, ఐసు డబ్బాలోంచే తీశానని ఆవిడ గోడమీద కాగితం చూపించింది.

"ఎర్ర మూత కనిపిస్తే అడగక్కర్లేదని మీరేగా రాశారు మేడమ్?"

డైరెక్టరు అంతా విని తలుపు దగ్గరగా వేశాడు.

"ఇది మీకు తెలుసు, నాకు తెలుసు. కడుపులో పెట్టుకోండి."

"మా అత్తగారి జలుబును నమ్ముకుని రేపు ఆ ఊళ్లకు మందు పంపిస్తే మనుషులు పోతారు సార్."

"ఎప్పుడో పోయేవాళ్ల కోసం ఇవాళ నా కొంప ముంచుతారా?"

కమిటీ ముందు ఆమె నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. కమిటీ అధ్యక్షుడు కళ్లద్దాలు తీశాడు.

"అంటే ఈ జంతువులన్నిటికీ ఉన్నది మీ అత్తగారి జలుబా?"

"అవునండీ."

గది ఘొల్లుమంది. ఆ నవ్వు ఆగేలోగా కొండ వైరస్ పరిశోధన ఆగిపోయింది. బయట తొందరమ్మ గోడమీద కాగితం చించేస్తూ, "నిజం చెప్పి ఏం బావుకున్నారు మేడమ్?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు నెల దాటాక వచ్చింది. మనిషి జలుబు ఇంత చక్కగా పట్టిన జంతువు తమకెక్కడా దొరకలేదని ఒక మందుల కంపెనీవాళ్లు ల్యాబు డైరెక్టరుగారి ఇంటికే వచ్చి చెప్పారు. ల్యాబుకు కొత్త యంత్రాలొచ్చాయి, గోడలకు రంగు పడింది.

"మరి కొండ వైరస్ సార్?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆ ఊళ్లవాళ్లు ఏం కొంటారమ్మా? జలుబు మందైతే లోకమంతా కొంటుంది. మీ నిజాయితీ వల్లే ఇదంతా. కూర్చోండి, కాఫీ తాగండి."

ఫ్రీజర్‌లో చోటు చాలక, మంచు పట్టిన ఆ గొట్టాన్ని తీసి నాశనం చేయమన్నారు. ఆ పని ఆమె చేతే చేయించారు.

ఆ వానాకాలం అత్తగారికి మళ్లీ గొంతు పట్టింది. ఈసారి దూది పుల్ల, ఎర్ర మూత పట్టుకుని డైరెక్టరుగారే స్వయంగా ఇంటికొచ్చి, "అమ్మా, కాస్త నోరు తెరవండి" అన్నారు వంగి, చాలా మర్యాదగా.