కొర్నేల్ కట్టిన జానపదం

బుడాపెస్ట్ మీద నవంబరు పొగమంచు తడి దుప్పటిలా వేలాడుతోంది. సంగీతకారుల అనుమతి పరీక్షకు వెళ్లాలి, తన పాట వాయించాలి, మధ్యాహ్నానికి చట్టానికి లోబడ్డ కళాకారుడిగా ఇంటికి రావాలి: కొర్నేల్ ఆ ఉదయం వేసుకున్న పథకం అంతే. తప్పితే గొట్టాల ఫ్యాక్టరీయే గతి. ఆ కమ్యూనిస్టు రోజుల్లో పనిలేకపోవడం నేరం. వాయించడం పనా కాదా అన్నది పరీక్ష కమిటీ తేల్చాలి.

అతని బృందం బడి డాన్సులతో మొదలై, రాక్‌లో రాటుదేలి, సాక్సఫోన్ చేరాక జాజ్‌రాక్‌లో తేలింది. రెండు చలికాలాలు కూర్చుని అతను కట్టిన పాట ఏడు మాత్రల తాళంలో నడుస్తుంది. విన్నవాళ్లకు ఎనిమిదో మాత్ర తలనొప్పికి కావాలి.

"కమిటీ పెద్దాయనకు పడమటి దేశాల వాసన తగిలితే చాలట, తోసిపారేస్తాడట," అన్నాడు డ్రమ్మర్ వెండెల్, వరండాలో.

"ఇప్పుడట్రా చెప్పేది?"

"జానపదం అని చెప్పు. ఈ దేశంలో జానపదాన్ని కాదనే మొనగాడు లేడు."

వాయించారు. జానపదమన్నారు. కమిటీ పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. వయసులో ఉండగా ఊరూరా తిరిగి పాటలు సేకరించినవాడాయన.

"ఏ ఊరిది నాయనా?"

"నాద్‌కూట్ అండీ." రైలు కిటికీలోంచి ఒక్కసారి చూసిన ఊరు.

"ఎవరు పాడగా విన్నావు?"

"బోరి పెద్దమ్మ."

"మాటలుంటాయిగా, పాడండి."

మాటల్లేవు. వెండెల్ కళ్లు మూసుకుని, బాతు తప్పిపోయిన విధవరాలి గోడు అప్పటికప్పుడు అల్లి పాడాడు. గొంతు లేనివాడు కనక దుఃఖం సహజంగా పలికింది.

"ఆవిణ్ణి చూడాలయ్యా," అన్నాడు పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"మొన్ననే పోయిందండీ," అని కొర్నేల్ కంగారులో పెద్దమ్మను చంపేశాడు. కమిటీ అంతా లేచి మౌనం పాటించింది.

అనుమతి వచ్చింది, మొదటి శ్రేణిలో, జానపద విభాగం కింద. కరెంటు వాయిద్యాలు కూడవు. పొడుగు బూట్లు, పూలకుట్టు చొక్కాలు తప్పనిసరి. పాట చలికాలమంతా రేడియోలో మోగింది. వసంతంలో బృందాన్ని నాద్‌కూట్ పంపారు, పెద్దమ్మ స్మారక కచేరీకి.

సగం పాటలో ముందు వరుస నుంచి నల్ల రుమాలు కట్టిన ముసలమ్మ చెయ్యెత్తింది.

"ఆపు బాబూ. తప్పు వాయిస్తున్నావు. మా అమ్మ ఇలా పాడేది కాదు."

కొర్నేల్ వాయించడం ఆపాడు. "ఇది నేను కట్టిన పాటమ్మా."

"చాల్లే. మా వీధి బోరి, పాపం, పోయేదాకా ఈ పాటే పాడుకునేది."

హాలంతా తలూపింది. వెండెల్ కూడా ఊపాడు.

వేదిక మీది ప్రభుత్వ ఉద్యోగి గొంతు సవరించుకుని ప్రకటించాడు: "పాట కట్టినవారెవరో తెలియదు."

నిజమే, ఆ ఊళ్లో కొర్నేల్‌ను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.