రాజుగారి తోకకు వన్స్‌మోర్

ఒక పెద్ద అడవిలో ఆ వారం రెండు సంగతులు జరిగాయి. జంతువులన్నీ నీళ్లు తాగే మడుగు ఎండిపోయింది. నెమలి కొత్త సినిమా టీజర్ వచ్చింది. రెండింట్లో ఏది వార్తో నేను మీకు వేరే చెప్పక్కర్లేదు.

మడుగు దానంతటది ఎండలేదు. పైన వాగుకి సింహంగారు అడ్డంగా కట్ట కట్టించుకున్నారు. రాజన్నాక జలకాలాడొద్దూ మరి!

సోమవారం పొద్దున్నే అడవిగేదె తన దూడని వెంటేసుకుని గుహ ముందు నిలబడింది. దూడ నాలుక పిడచకట్టుకుపోయి ఉంది.

"దొరా, ఆ కట్టకి చిన్న గండి కొట్టించండి చాలు. ఈ పసిదాని ప్రాణం నిలబడుతుంది."

సింహంగారు ఆవులించారు. జవాబు చెప్పింది సలహాదారు నక్క.

"కమిటీ వేశాం తల్లీ. మొసలిగారు అధ్యక్షులు."

"మొసలా? అది కాపురముండేదే ఆ కట్ట లోపల కదయ్యా!"

"మరి నీళ్ల సంగతి ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసమ్మా?"

గేదె కదల్లేదు. మధ్యాహ్నానికి ఏనుగులొచ్చాయి, జింకలొచ్చాయి, అడవిపందులూ వచ్చి చేరాయి. సింహంగారికి చెమటలు పట్టాయి.

"వీళ్ల నోళ్లు మూయించడం ఎలాగోయ్?"

"మూయించడం దేనికి ప్రభూ? మాట్లాడుకోడానికి ఇంకో ముక్క అందిస్తే పోలా!" అంది నక్క.

ఆ అడవిలో వార్తలు చదివేది చిలకలు. నక్క వెళ్లి వాటి చెవిలో ఊదింది. సాయంత్రానికి కొమ్మకొమ్మకీ ఒకటే చర్చ: 'కోకిలని చూసి నెమలి మొహం ఎందుకు తిప్పుకుంది?' ఏనుగులు నెమలి పక్షం, పందులు కోకిల పక్షం. గుహ ముందే కుమ్ముకుని, ఎవరిళ్లకి వాళ్లు పోయారు. గేదె, దూడ మిగిలాయి.

బుధవారం గేదె మళ్లీ నలుగురిని కూడగట్టింది. ఆ పూటే నెమలి రాజకీయాల్లోకి వస్తోందని చిలకలు కూశాయి. ఆ నలుగురూ అటు పరిగెత్తారు.

శుక్రవారం ఏకంగా గుహ ముందే ప్రీ-రిలీజ్ ఫంక్షన్ పెట్టించింది నక్క. ముఖ్య అతిథి సింహంగారు. చుట్టూ నీళ్లు లేక ఎండిన గడ్డి, మధ్యలో చెట్టంత నెమలి కటౌట్. అభిమాన సంఘం అధ్యక్షుడు కోతి గేదె దగ్గరికి ముంత పట్టుకొచ్చాడు.

"అక్కా, మయూరన్నకి పాలాభిషేకం. ఓ ముంతెడు పాలు పిండు."

"నా దూడకే చుక్క దిగట్లేదు. నీ అన్న అట్టముక్క మూతికి పొయ్యాలా? ముందు నీళ్లు పట్రా, ముంత కాదు, బిందె నింపుతా."

"అన్న ఎదుగుదల చూసి కుళ్లక్కా నీకు!"

అంతే, చిలకలకి ఇంకో గంటకి సరిపడా మేత దొరికింది: 'గేదెకి నెమలంటే ఎందుకంత కక్ష?'

వేదిక మీద సింహంగారు కళాపోషణ గురించి ఉపన్యాసం దంచుతుండగా అభిమానులు టపాసులు పేల్చారు. రవ్వ ఎండుగడ్డిలో పడింది. గడ్డి నుంచి వేదికకి, వేదిక నుంచి రాజుగారి తోక కుచ్చుకి పాకింది.

"మంటర్రోయ్! చచ్చాను! కాపాడండి!" అని సింహంగారు గర్జించారు.

అభిమానులంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. తర్వాత ఈలలు!

"రాజుగారిది గెస్ట్ రోలంట రోయ్! ఏం ఎంట్రీ ఇచ్చాడ్రా బాబూ!"

"ఆ గ్రాఫిక్స్ చూడండి, అచ్చం నిజం మంటే!" అన్నాయి చిలకలు.

నక్క గుండెలు బాదుకుంది. "ఒరేయ్, ఇది నిజంరా! ఒట్టు!"

"సోమవారం నుంచీ నువ్వు చెప్పేవన్నీ నిజాలే కదా బావా!" అని కోతి రెండువేళ్లూ నోట్లో పెట్టి ఈలేశాడు. "వన్స్‌మోర్!"

సింహంగారు వేదిక దిగి పరుగు. దారిలో గేదె కనబడింది.

"నీళ్లు! నీళ్లెక్కడే?"

"కమిటీ వేశారు కదా దొరా. మొసలిగారు అధ్యక్షులు."

ఇక దిక్కులేక, తోక ఎత్తిపట్టుకుని వాగు దాకా పరిగెత్తి, కట్ట మీంచి నీళ్లలోకి ఒక్క దూకు దూకారు. కట్ట కట్టిన కంట్రాక్టరు స్వయానా రాజుగారి బావమరిది. ఆ ఒక్క దూకుకే కట్ట నిలువునా తెగింది. మొసలితో సహా నీళ్లన్నీ కిందకి ఉరికాయి. గడ్డి మంట ఆరింది, మడుగు నిండింది. దూడ మూతి ముంచి, మళ్లీ ఎత్తకుండా తాగింది.

మర్నాడు చిలకల వార్త: 'ప్రజల దాహం తీర్చడానికి తోకను త్యాగం చేసిన రాజు!'

నెమలి కటౌట్ పీకి, అదే గుంటలో రాజుగారి కటౌట్ పాతారు. కోతి మళ్లీ ముంతతో తయారయ్యాడు.

గేదె కటౌట్‌ని కిందనుంచి పైదాకా చూసింది. "తోక నిండుగా పెట్టారేంట్రా? సగం కోసెయ్యండి. వచ్చే ఎండాకాలానికి ఆయనకి గుర్తుండొద్దూ!" అని, పాలు ఇవ్వకుండానే దూడని తోలుకుపోయింది.

నీతి: నీళ్ల కోసం అర్జీలు పట్టుకుని కాళ్లరగదీసుకోకండి, రాజుగారి తోక అంటుకునేదాకా ఆగి, అప్పుడు గట్టిగా ఈల వెయ్యండి.