మంచం మీద ఎవరుంటే వాళ్ళకే రక్తం

రక్తం ఎలా ఎక్కించాలో డాక్టర్లకి ట్రైనింగ్ ఇస్తుంటే కొందరికి కడుపుమంట. టైం వేస్టంటారు, తిండి దండగంటారు. వాళ్ళ మాటలు నమ్మకండి! ఈమధ్య కాలంలో మనుషులకి ఇంతటి మేలు ఇంకోటి జరగలేదని నేను ఏ మైకు ముందైనా చెబుతాను. మైకులెలాగూ నావే.

అవునండీ, మీటింగులకి మైకులు, తెర, ప్రొజెక్టరు అద్దెకిస్తుంటాను. నా చదువు హైస్కూలు గేటు దగ్గరే ఆగిపోయింది గానీ, హాలు చివర కుర్చీలో కూర్చుని నేను వినని సబ్జెక్టు లేదు. గేదెల పోషణ నుంచి గ్రహాల మీద నీళ్ళ దాకా అన్నీ విన్నాను. ఏదీ గుర్తులేదు.

మొన్న పెద్దాసుపత్రి వాళ్ళ ట్రైనింగ్ కూడా నా మైకుల మీదే జరిగింది. ఎక్కడ పెట్టారనుకున్నారు? ఆసుపత్రిలోనా? ఛ! అక్కడ రోగులుంటారు కదా, డిస్టర్బెన్సు! అందుకని ఏసీ హోటల్లో పెట్టారు. మంచం బదులు మెత్తటి సోఫా, రోగి బదులు ఒక రబ్బరు చెయ్యి. ఆ చేతికి నోరు లేదు, వెంట వచ్చి ఏడ్చే పెళ్ళాం లేదు. ఎవరి రక్తం ఎక్కించినా కిమ్మనదు. అంత బుద్ధిమంతుడైన పేషెంటుని నేనెక్కడా చూళ్ళేదు.

ఇక లాభాలు ఒకటా రెండా! నైట్ డ్యూటీలతో నిద్ర కరువైన డాక్టర్లు ఆ రోజు కంటినిండా పడుకున్నారు. ముందు వరసలో ఒకాయన గురక మైకులోకి దూరి హాలంతా మారుమోగింది. సౌండు నేను కాస్త పెంచాననుకోండి, అది వేరే సంగతి.

పాఠం చెప్పే ప్రొఫెసరుగారు తెర మీద రాసున్నదాన్ని తెర వైపే తిరిగి చదివారు. చదువుకున్నవాళ్ళకి మళ్ళీ చదివి వినిపించడం ఎంత మర్యాద! "సంచి తగిలించే ముందు పేషెంటు నోటితోనే పేరు చెప్పించాలి. మనం చెప్పి అవునా అని అడక్కూడదు. మగతలో ఉన్నవాడు దేనికైనా అవునంటాడు" అనే ముక్క వచ్చేసరికి, వెనకాల భోజనాల గిన్నెల మీద మూతలు లేచాయి. వాటితోపాటు హాలు హాలంతా లేచింది. ఆ ముక్క పూర్తిగా విన్నది నేనూ, రబ్బరు చెయ్యీ.

భోజనాలయ్యాక పరీక్ష. పాపం కష్టపడతారని జవాబులు కూడా తెర మీదే వేయించారు. అందరూ పాస్! అందరికంటే ముందు రాసిచ్చేసిన కుర్ర డాక్టరుకి షీల్డు ఇచ్చారు. చప్పట్లు పలచగా పడితే, నా దగ్గరున్న రికార్డింగు చప్పట్లు కాసిని కలిపాను.

ఇంత శిక్షణ పొందిన చేతులుండగా మనకేం భయం? అందుకే ఆ వారంలోనే మా బావ కడుపులో పుండు పగిలి రక్తం కక్కుకుంటే, గుండె నిబ్బరంగా అదే ఆసుపత్రికి మోసుకెళ్ళాను.

"ఒరేయ్, ఈయనకేమన్నా అయితే నేను బతకన్రా" అని అక్కయ్య నా చొక్కా పట్టుకుంది.

"నీకెందుకే భయం? ఇక్కడ షీల్డు డాక్టరున్నాడు!" అన్నాను.

మర్నాటికి వాంతులు కట్టాయి గానీ, ఒంట్లో రక్తం అడుగంటింది, ఎక్కించాలన్నారు. బదులుగా ఎవరైనా ఇవ్వాలంటే నేనే చెయ్యి చాపాను. నాది 'ఓ' గ్రూపట, బావది 'బి' అట. బ్లడ్ బ్యాంకు ఆయన నా రక్తం ఇంకెవరికో ఉంచి, బావకి పడే సంచి వేరేగా తీశాడు.

"ఆ బి రక్తం నాకెక్కిస్తే బావలాగా నాకూ బుద్ధొస్తుందా?" అన్నాను.

"బుద్ధి సంగతి తెలీదు గానీ, పైకి పోతారు" అని ఆయన నా మోచేతి మడతలో దూది పెట్టి ప్లాస్టరు వేశాడు.

వార్డుకొచ్చేసరికి బావ మంచం ఖాళీ. అక్కయ్య ఆయన్ని మెల్లగా బాత్రూంకి నడిపిస్తోంది. నాకా తల కాస్త తిరుగుతోంది. పైగా బావని ఆటపట్టించి చాన్నాళ్ళయింది. ఆయన తిరిగొచ్చాక 'ఈ బెర్తు రిజర్వుడండీ' అందామని దుప్పటి కప్పుకుని మంచమెక్కేశాను.

బావ రాలేదు. షీల్డు డాక్టరు వచ్చాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను, చేతిలో ఎర్ర సంచి, వెనకాల నర్సమ్మ.

"అవునమ్మా, షీల్డు టీవీ పక్కనే పెట్టు, అందరికీ కనపడాలి" అని ఫోనుకి చెప్పి, "బ్లడ్ ఎక్కించాల్సింది మీకే కదా?" అని దుప్పటిని అడిగాడు.

ఎక్కడిదాకా వెళ్తాడో చూద్దామని "ఊఁ" అన్నాను.

చెయ్యి బయటికి లాగాడు. ప్లాస్టరుంది, సూది లేదు. మండిపోయింది ఆయనకి. "ఎవరు పీకేశారిది? పేషెంటు ఎంత చిక్కిపోయాడో కనబడట్లేదా?" అని నర్సమ్మ మీద విరుచుకుపడ్డాడు. మా బావ వెదురుకర్రలా ఉంటాడు. నేనా, మంచానికి రెండు పక్కలా పొంగి పొర్లుతున్నాను!

"నేనిప్పుడే డ్యూటీకొచ్చాను సార్" అంది ఆవిడ.

కొత్త సూది నరంలోకి దిగింది. తస్సాదియ్యా, నొప్పే తెలియలేదు! రబ్బరు చేతి మీద నేర్చిన విద్య ఊరికే పోతుందా? సంచి స్టాండెక్కింది. గొట్టంలో ఎరుపు జారుతుంటే, బ్లడ్ బ్యాంకు ఆయన మాట గుర్తొచ్చింది. నా నవ్వు ఎటు పోయిందో!

"ఆగండి డాక్టరుగారూ! నేను పేషెంటుని కాదు, పేషెంటు బామ్మర్దిని!"

"ఎక్కించేటప్పుడు అందరూ ఇలాగే ఏదో ఒకటి చెబుతారు అంకుల్. కళ్ళు మూసుకోండి."

ఎరుపు గొట్టం చివర నా సూది దగ్గరికి వచ్చేసింది. అప్పుడు పడింది అక్కయ్య కేక. వార్డులో పడుకున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. నర్సమ్మ గబుక్కున గొట్టం మీది క్లిప్పు బిగించి రక్తం ఆపేసింది.

"మంచం తీసుకుంటే తీసుకున్నావు, నా రక్తం కూడానా బామ్మర్దీ?" అన్నాడు బావ గుమ్మం పట్టుకుని.

అక్కయ్య ముందు నా వీపు మీద ఒక్కటేసింది. బావని పడుకోబెట్టి, మంచానికి అడ్డంగా నిలబడింది. "ఎవరికి ఎక్కిస్తున్నావో పేరు చెప్పు బాబూ" అంది డాక్టరుతో. ఆయన ఫోను వైపు చూశాడు. ఫోనుకీ తెలీదు. చివరికి మా బావే, ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డ బడిపిల్లాడిలా, ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా ఒప్పజెప్పాడు. సంచి మీద పేరూ అదేనని అక్కయ్య తన కళ్ళతో చూసుకున్నాకే పక్కకి జరిగింది. కొత్త గొట్టం వేసి ఎక్కించారు. సాయంత్రానికి బావ మొహంలో మనిషి కళ వచ్చింది.

ఆసుపత్రి వాళ్ళు ఊరుకున్నారనుకుంటున్నారా? వెంటనే విచారణ జరిపి తప్పెవరిదో తేల్చారు. నాది! 'రోగుల మంచాలపై ఇతరులు పడుకోరాదు' అని వార్డు గోడకి బోర్డు కొట్టారు. మళ్ళీ ట్రైనింగ్ పెట్టారు. అదే హోటలు, అదే రబ్బరు చెయ్యి. సబ్జెక్టు మాత్రం కొత్తది: రోగుల బంధువుల వల్ల కలిగే ప్రమాదాలు. పాఠం చెప్పిందెవరు? షీల్డు డాక్టరు! అనుభవం ఉన్నది ఆయనకే కదా!

మైకులు మళ్ళీ నావే. చూశారా మరి? పొరపాటు జరిగితే ట్రైనింగ్, ట్రైనింగ్ జరిగితే నాకు బేరం. ఇలాంటి చల్లని ఏర్పాటుని ఆడిపోసుకోవడానికి నోరెలా వస్తుంది మీకు?

ఆఖర్న వందన సమర్పణకి ముందు షీల్డు డాక్టరు నా దగ్గరకొచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"మైకుల వాళ్ళకి కూడా థాంక్స్ చెప్పాలి అంకుల్. మీ పేరేంటి?"

చెప్పాను.

"ఇంటిపేరుతో సహా చెప్పండి, ప్లీజ్. స్టేజీ మీద తప్పు చదివితే బాగోదు."

మళ్ళీ చెప్పించుకుని, అరచేతిలో రాసుకుని, సరిగ్గా ఉందో లేదో నాకే చూపించాడు.

పేరు అడగడం వచ్చండీ కుర్రాడికి! మనం నిలబడి ఉంటే చాలు.