స్టెల్లా చెంబెత్తిన వైనము

పెద్దచెరువు మీది చలిగాలి ఊరిపైకి దండెత్తి వచ్చి, డిపోలోని తొలి బస్సు దగ్గునకు జడిసి వెనుదిరుగు వేళ. వెంచర్లవారు పాతిన రంగురంగుల జెండాలు ఏ రాజ్యమును జయింపకయే రెపరెపలాడు చోట. మాఘమాసమున, సాగర్ రోడ్డునకు నాలుగిండ్ల లోపల, ఇబ్రహీంపట్నమను మహాపట్టణమందు జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను, వినుడు. పొయ్యిమీద పాలున్నవారు కట్టేసి వచ్చి వినుడు.

ఆ సంగ్రామమున నాయిక స్టెల్లా. ఏడాదిలో సగము దినములు వాన కురియు ఐర్లండు ద్వీపమున బుట్టి, ఊరి చివరి కాలేజీలో ఆంగ్లము బోధింపవచ్చి, ఇంద్రసేనారెడ్డి యింట అతిథిగా దిగిన దీర్ఘకాయ, ధవళాంగి, కారసహిష్ణువు. మూడు మాసములలో ఆ వీరనారి ఇంటివారి మాటనే మాటాడ నేర్చెను, అన్నము చేతితో కలుపుట నేర్చెను, నేలపై బాసింపట్టు వేసి కూర్చుండి ఎవరి సాయము లేక లేచుట నేర్చెను, బకెట్టులో బుసకొట్టు హీటరు నెదుట నిలిచి స్నానము చేసెను. ఇన్ని గెలిచినది ఒక్క చెంబు ముందర ఓడెను.

అది ఇంద్రసేన తల్లి మాణిక్యమ్మ పుట్టింటినుండి తెచ్చుకొన్న రాగిచెంబు. ఆ యింట పిన్నలు పెద్దలు అందరును దానిని మొగముపైకెత్తి, అంచు పెదవికి సోకనీక, నోటిలోనికి ధారగా పోసికొని త్రాగుదురు. కనుక ఎవరి యెంగిలియు ఎవరికిని లేదు, చెంబు అందరిది. స్టెల్లా వచ్చిన తొలినాడు దానికి పెదవులానించి గటగట త్రాగెను. ఎవరును ఏమియు ననలేదు. అనకపోవుటయే ఆ యింటి బ్రహ్మాస్త్రము. మాణిక్యమ్మ చెంబును చింతపండుతో తోమించి, షోకేసు తలుపు తెరిచి, కొడుకు పెండ్లిలో కానుకగా వచ్చి నాటినుండి నీటిచుక్క నెరుగని పూలగ్లాసును అతిథి చేత బెట్టెను. అంతటితో సరిహద్దు ఏర్పడెను: చెంబు ఇంటివారిది, గ్లాసు టీచరుది.

మంగళవారమునాడు అన్నముకాడ మాణిక్యమ్మ శాసనము వెలువడెను.

“ఐతారం చేన్ల పల్లికాయ పీకుడున్నది. పొద్దుగాలనే అందరం పోవాలె.”

“నేను గూడ వస్త,” అనెను స్టెల్లా.

“నువ్వేం జేస్తవ్ బిడ్డా మట్టిల. గాజుగ్లాసు చేన్లకు తెస్తే పగుల్తది. ఆడ అందరికి ఒకటే చెంబు. నువ్వు ఇంట్ల ఉండి టీవీ పెట్టుకో.”

ఆ రాత్రి స్టెల్లా వంటింటి గడపలో నిలిచి చెంబును తేరిపార జూచి శపథము చేసెను. ఆమె మనసులో అనుకొన్నది ఇంగ్లీషులోనే యైనను, వీరగాథకు మర్యాద కాదు గనుక మేమిట్లు పలికించుచున్నాము.

“వినుము, తామ్రోదరీ. ఆవకాయాగ్నిని దాటితిని. ఎనిమిదింటి బస్సు ఫుట్‌బోర్డుపై ఏకపాదమున తపస్సు చేసితిని. అరువదిమంది వెనుక బెంచీల యోధులకు వ్యాకరణము చెప్పి ప్రాణములతో బయటపడితిని. ఆదివారపు పొద్దు పొడుచులోగా నీ ధారను పెదవి సోకనీక గొంతున దింపనిచో, షోకేసులో ఆ గ్లాసు పక్కన నేనును కూర్చుందును గాక.”

బుధవారము తెల్లవారుజామున, మేడమీద, యుద్ధమారంభమయ్యెను. ఇంద్రసేన భార్య వైశాలి గురుస్థానము వహించెను. డిగ్రీ చదివి, పదేండ్లు కోడలిగా మౌనవ్రతమభ్యసించిన ఆ సాధ్వికి నోరు తెరిచి ఉంచు విద్యను నేర్పు భాగ్యము ఇన్నాళ్లకు కలిగెను.

“స్టెల్లక్కా, గుటక గుటకకు నోరు మూస్తున్నవ్. మూస్తే నీళ్లు ఏడికి పోతయ్? ముక్కులకే పోతయ్.”

“మూయకుంట ఎట్ల మింగాలె?”

“గదెట్ల చెప్పాలె నేను? ఊపిరెట్ల తీస్కుంటవో నువ్వు చెప్పు, ఇది నేను చెప్త.”

తొలినాడు ధార ముక్కుపుటముల ద్వారమును భేదించెను. గురువారము చెవిని ముట్టడించెను. శుక్రవారము కంఠదుర్గమున జొరబడి దారితప్పగా, ఆ వీరనారి దగ్గునకు పక్కింటి పావురములు లేచిపోయెను, కింద వాకిలి ఊడ్చుచున్న మాణిక్యమ్మ చీపురాపి, “పొలమారినట్టున్నది. పాపం, వాళ్లమ్మ యాది జేస్తుండొచ్చు,” అని నిట్టూర్చెను. పెదవి తగిలిన ప్రతిసారియు వైశాలి రహస్యముగా చింతపండు పెట్టి చెంబును తోమి, ఏమెరుగనట్లు కుండమీద బోర్లించుచుండెను.

అయితే శత్రువు మరియొక మేడపైనుండి వచ్చెను. పక్కింటి నీలమ్మ బట్టలారవేయుచు ఒక దృశ్యము జూచెను: మాఘమాసము, ఉదయకాలము, తూర్పు మొగముగా ఒక స్త్రీ, తడిసిన బట్టలు, పైకెత్తిన రాగిచెంబు, ఎండకు మూసిన కన్నులు. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? పాలప్యాకెట్లు వచ్చులోగా వార్త వీధి చివరకు చేరెను.

“మీ టీచరమ్మ రోజు సూర్యునికి నీళ్లుపోసి మొక్కుతున్నది వదినా. తడిబట్టల మీద. మా కోడలికి ఏడైతే గాని తెల్లారది,” అనెను నీలమ్మ.

మాణిక్యమ్మ కోడలివైపు తిరిగి, “చూసినవా వైశాలీ, దేశం గాని దేశం పిల్ల,” అని ఎత్తిపొడిచెను.

వైశాలి నవ్వును కొంగులో మూటగట్టుకొనెను. నిజము చెప్పినచో, మూడు దినములుగా ఎంగిలియైన చెంబు సంగతియు చెప్పవలె గదా.

శనివారము సాయంత్రమునకు స్టెల్లా భక్తి పొంగి పొర్లి ఆమెనే ముంచెత్తెను. మాణిక్యమ్మ ఆమెకు అరటిపండ్లు ఇచ్చి, “రేపు నీలమ్మోళ్లు నీ పూజ చూస్తరట. తర్వాత నువ్వు పండుకో బిడ్డా. నీ అసుంటి మనిషిని మట్టిల కూసోబెడ్తమా?” అనెను. అయ్యో, గ్లాసు కంటె ఎత్తైన షోకేసు సిద్ధమయ్యెను.

ఆదివారము. మేడమీద ఆరుగురు స్త్రీలు పసుపుకుంకుమలతో బారులు తీరిరి. ముందువరుసలో మాణిక్యమ్మ, గర్వముతో. మెట్లమీద వైశాలి చెవిలో చెప్పెను: “అక్కా, ఇయ్యాల తాగకు. నీళ్లు కింద పొయ్యి, దండం పెట్టు, అయిపోతది.”

“పోస్తే చేనుకు తీస్కపోరు,” అనెను స్టెల్లా.

అంతట ఆ ఐర్లండు సింహి చెంబునెత్తెను. ఎత్తి, మెడను వెనుకకు వంచి, నోటిని నగరద్వారమువలె తెరిచి, నాలుకను వెనుకకు తీసి, ఊపిరిని బందీచేసి, కిందనున్న ఇంద్రసేన ట్రాక్టరు స్టార్టు చేసిన రణభేరి మ్రోగుచుండగా, వెండితీగ వలె మెరయుచు దిగిన ఆ ధారను, ముక్కునకు పోనీక, చెవికి పోనీక, పెదవికి అంటనీక, నోరు మూయకయే గుటకలు వేయుచు చెంబు అడుగంటువరకు దింపి, బోర్లించి చూపెను.

ఆరుగురును నోళ్లు తెరిచిరి. వారి నోళ్లలో నీరు మాత్రము లేదు.

“వదినా,” అనెను నీలమ్మ మెల్లగా, “సూర్యుని నీళ్లు ఆమెనే తాగింది.”

“సూర్యునికి నేనెప్పుడు పొయ్యలే,” అనెను స్టెల్లా. “ఎత్తి తాగుడు నేర్సుకుంటున్న. చేనుకు వస్త.”

మాణిక్యమ్మ చెంబందుకొని అంచును వేలితో చుట్టు తడిమెను. పొడిగా ఉండెను. ఆమె చూపు చెంబునుండి స్టెల్లాకు, స్టెల్లానుండి వైశాలికి నడిచెను. వైశాలి ఆకాశమున ఏదో వెదకుచుండెను.

“చింతపండు డబ్బ నాలుగు దినాలల్ల ఎట్ల ఖాళీ అయిందా అనుకున్న,” అనెను మాణిక్యమ్మ. “నీలమ్మా, ఇంక చూసేదేం లేదు, పో. బిడ్డా, తలకు తువ్వాల కట్టుకో, చేన్ల ఎండ కొడ్తది. వైశాలీ, గా గ్లాసు తుడ్చి లోపట పెట్టు.”

ఆ మధ్యాహ్నము, కందుకూరు వైపు చెలకచేనులో, పల్లికాయ కుప్పల నడుమ, మాణిక్యమ్మ మొదట నీళ్లెత్తి త్రాగి, చెంబును పక్కనున్న స్టెల్లాకు అందించెను. స్టెల్లా త్రాగి వైశాలికి అందించెను. వైశాలి దానిని తోమకయే త్రాగెను. దిక్కులారా, వినుడు: నాలుగు దినముల మహాసంగ్రామమున స్టెల్లా ఒక చెంబెడు నీళ్లు జయించెను. గడ్డముమీదుగా ఒక్క చుక్క జారిన మాట వాస్తవమే గాని, అది చెమటయని మాణిక్యమ్మ సాక్ష్యమిచ్చెను.