చిలకపచ్చ చీరకు వీసీడీ చేసిన మేలు

పాత సినిమాలకు వీసీడీ కంపెనీలు చేస్తున్నంత సేవ వాటిని తీసినవారు కూడా చేయలేదు!

థియేటర్లో నాయిక చీరకు ఒకటే రంగు. ఎంత దరిద్రం! ఇప్పుడు ఒక కంపెనీ వీసీడీలో ఆమె వంకాయరంగు చీరలో విరహిస్తుంది. మరో కంపెనీ వీసీడీలో అదే విరహాన్ని ఇటుకరంగులో అనుభవిస్తుంది. నాయకుడికి కామెర్లు. ప్రతినాయకుడి నెత్తురు బీట్‌రూట్ రసం, పిల్లలు జడుసుకునే ప్రమాదమే లేదు. వరిపొలాలు నీలంగా ఊగుతుంటే సముద్రం చూడాలన్న కోరిక కూడా ఇంట్లోనే తీరుతుంది. ఇన్ని లాభాలుండగా అసలు రంగు ఏదని అడిగే కృతఘ్నులు ఉంటారా?

ఉన్నారు. పటాన్‌చెరులో ఒకరు.

సంగయ్య ఇరవై ఆరేళ్లుగా అద్దకపు రంగుల ఫ్యాక్టరీలో షేడ్ చూసే మనిషి. కొనేవారు పంపిన గుడ్డముక్కనూ, తమ రంగు అద్దిన ముక్కనూ పక్కపక్కన పట్టుకుని, గడప దాటి పగటి వెలుగులో చూసి ఆయన తలూపితేనే డ్రమ్ములు లారీ ఎక్కేవి. ట్యూబులైటు కింద రంగు చూడటం ఆయన శాస్త్రంలో మహాపాపం.

పెళ్లికి ముందు ఆయన ఒక సినిమాను తొమ్మిదిసార్లు చూశాడు. అందులో నాయిక చీర చిలకపచ్చ. అదే షేడ్ కోసం జోగిపేట దుకాణాలన్నీ గాలించి కౌసల్యమ్మకు పెళ్లిచీర తెచ్చాడు. మొన్న ఆదివారం ఆ సినిమా వీసీడీ ఇంటికి వచ్చింది.

చీర నీలం!

"గిన్నేండ్లు పచ్చది పచ్చదని నా తల తింటివి. సూడు, నీలంది!" అంది కౌసల్యమ్మ.

"గది పచ్చదే కౌసల్యా. గీ డబ్బలనే ఏదో మోసమున్నది."

సంగయ్య వృత్తిధర్మం తప్పనివాడు. టీవీని మోసుకెళ్లి వాకిట్లో ఎండకు పెట్టాడు. బొమ్మ మొత్తం మాయమైంది.

"గదేమన్న మిరపకాయనా, ఎండబెడ్తున్నవ్?"

లోపలికి తెచ్చి, పెట్టెలోని పెళ్లిచీరను తెర పక్కన పట్టాడు. సినిమా చూడవచ్చిన తోటి కార్మికుడు యాదగిరి తీర్పు చెప్పాడు: "సంగన్నా, నీ చీర వెలిసింది. సీడీ ఎట్ల వెలుస్తది? కొత్తదాయె!"

నీలం వెలిస్తే చిలకపచ్చ అవుతుందని ఏ రసాయనశాస్త్రమూ ఇంతవరకు చెప్పలేదు. పర్వాలేదు, ఇకముందు చెబుతుంది.

మర్నాటికి సంగతి ఫ్యాక్టరీకి చేరింది. షేడ్ చూసే మనిషికే పచ్చకూ నీలానికీ తేడా తెలియడం లేదట! కొత్త మేనేజర్ పరీక్ష పెట్టాడు: అదే వీసీడీని టీవీలో ఆపి ఉంచుతారు, ఆ చీర రంగు కలిపి చూపించాలి. తప్పితే రేపటినుంచి ప్యాకింగ్‌లో డ్రమ్ములకు మూతలు బిగించాలి.

సంగయ్య చాలాసేపు తెరకేసి చూశాడు. ట్యూబులైటు కిందే. తర్వాత నీలం కలిపాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"శభాష్ సంగయ్యా! కళ్లు ఫస్ట్ క్లాస్!"

గమనించారా? తాను చూసినది చూడలేదని ఒప్పుకున్న మరుక్షణం ఆయన చూపు బాగుపడింది. ఏ కంటి ఆసుపత్రిలో జరుగుతుందండీ ఇంత సుళువైన వైద్యం?

సాయంత్రం ఇంటికి వచ్చి, "నువ్వన్నదే నిజం కౌసల్యా. నీలమే," అన్నాడు సంగయ్య. పరీక్ష సంగతి కూడా చెప్పాడు.

మాట గెలిచిన కౌసల్యమ్మ సంతోషించాలి కదా? పెళ్లిచీర మడతపెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"నేను నవ్వులాటకు అన్న. నువ్వు నౌకరి కోసం నా పెండ్లిచీర రంగు మారుస్తవా?"