చేతికి ఇవ్వకూడని కత్తెర

ఆ గురువారం పొద్దున ఉమామహేశ్వర్లు అనుకున్నది చాలా చిన్న పని. మార్కాపురంలో ఒక కొమ్మల కత్తెర కొనాలి. తర్లుపాడు దగ్గరి పొలానికి పోయి మంచె చుట్టూ పెరిగిన రెమ్మలు కోయాలి. మధ్యాహ్నానికి అదే మంచె మీద పడుకోవాలి. అతనికి నిజంగా కావలసింది చివరిదొక్కటే.

భార్య సీతామహాలక్ష్మి పోయినప్పటినుంచి అతనికి ఇంట్లో నిద్ర పట్టడం లేదు. మంచంలో ఒక పక్క ఖాళీగా ఉంటే మనిషి రాత్రంతా ఆ పక్కకే తిరుగుతాడు. పరామర్శకు వచ్చినవాళ్లు పడుకునే ముందు గసగసాల పాలు తాగమన్నారు. ఆ పాలు ఎవరు కాచి ఇస్తారో మాత్రం చెప్పలేదు. ఒకనాడు పందులు పడుతున్నాయంటే కందిచేనుకు కాపలా పోయి, వేపచెట్టు పంగలో కట్టిన మంచె మీద నడుం వాల్చాడు. కళ్లు తెరిచేసరికి ఎండ ముఖం మీద ఉంది. ఆనాటినుంచి రోజూ కాపలాకు పోతున్నాడు. గాలికి మంచె మెల్లగా ఊగుతుంది. కింద పందులు కంది నములుతుంటాయి. ఆ చప్పుడు జోలపాటలా ఉంటుంది.

చేను అతనొక్కడిది కాదు. అక్క కన్యకకూ అందులో సగం ఉంది. ఇంకా పంచుకోలేదు. చేనుకు ఒక మూల నేల కనపడుతుంటే ఆమె చూసి, నువ్వు మంచె మీద ఉండగా పందులు ఇంత ఎట్ల తిన్నాయని అడిగింది. కొమ్మలు అడ్డం, ఏమీ కనపడడం లేదని అతను చెప్పాడు. నోటికి వచ్చిన మాట చెప్పి ఊరుకున్నాడు. కొందరు అబద్ధం విని నవ్వి వదిలేస్తారు. కన్యక నమ్మి పనిలోకి దిగే రకం. కొమ్మలు కోయించమంది. గొడ్డలి వేస్తే మంచె కట్లు సడలుతాయి కాబట్టి కత్తెర కొనమంది. తోడుగా తన మొగుణ్ణి పొమ్మంది.

చిక్కంతా ఈ తోడుతోనే. ఆమె మొగుడు వేణుగోపాల్‌కూ, ఉమామహేశ్వర్లుకూ మొన్నటిదాకా ఏడాదిపాటు మాటల్లేవు. కంభంలో వేణుగోపాల్ బట్టల దుకాణం తెరిచినప్పుడు రిబ్బను కోసే కత్తెరను ఉమామహేశ్వర్లు తీసుకుపోయి బావ చేతిలో పెట్టాడు. కత్తెర చేతికి ఇస్తే ఇద్దరికీ పడదు. కింద పెట్టాలి, రెండోవాడు తీసుకోవాలి. ఆ సంగతి తెలిసినవాళ్లు అక్కడ వందమంది ఉన్నారు. భోజనాల దగ్గర బంగాళదుంప వేపుడులో ఉప్పు ఉందా లేదా అని మొదలై, చెయ్యి కడుక్కునేసరికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడని దాకా వచ్చింది. తప్పు కత్తెరదేనని ఇంటిల్లిపాదీ తేల్చారు. ఆ ఇద్దరి గుణాన్ని అనుమానించినవాడు ఒక్కడూ లేడు.

వారం కిందటే కన్యక ఇద్దర్నీ కూర్చోబెట్టి కలిపింది. కలిపేటప్పుడే ఒక మాట చెప్పింది.

"మళ్లా మీ ఇద్దరికీ చెడిందంటే చేను రెండు ముక్కలు చేయిస్తా. వేపచెట్టు మా వైపు వస్తది. కొట్టించి కట్టెలకు వేస్తా. ఇనపది ఏదైనా సరే, చేతికి మాత్రం ఇచ్చుకోవాకండి."

వేపచెట్టు అనేసరికి ఉమామహేశ్వర్లు లెక్క వేసుకున్నాడు. చెట్టు పోతే మంచె పోతుంది. మంచె పోతే మళ్లీ ఆ ఇల్లు, ఆ మంచం, ఆ ఖాళీ పక్క.

అందుకే మార్కాపురంలో ఫణికృష్ణ దుకాణం మెట్లు ఎక్కుతూ, ఈ రోజు బావ ఏమన్నా సరే ఒప్పుకోవాలి అనుకున్నాడు. అవతల వేణుగోపాల్ కూడా అదే అనుకుని వచ్చాడు. ఒకడు ఒదిగితే పని జరుగుతుంది. ఇద్దరూ ఒదిగితే దుకాణందారుడు చస్తాడు.

ఫణికృష్ణ రెండు రకాలు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. ఒక దానిలో రెండు కత్తి అలుగులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి. పచ్చి కొమ్మకు అది మంచిదన్నాడు. రెండో దానిలో ఒకటే అలుగు, కత్తిపీట మీద కత్తి దిగినట్టు అడుగు రేకు మీద దిగుతుంది. ఎండు పుల్లకు అది మేలన్నాడు. ఉమామహేశ్వర్లుకు మొదటిది నచ్చింది, వేణుగోపాల్‌కు రెండోది. ఇద్దరి చూపులూ అది చెప్పేశాయి. వెంటనే ఉమామహేశ్వర్లు రెండోదాన్ని పొగడడం మొదలుపెట్టాడు. అదే గుక్కలో వేణుగోపాల్ మొదటిదాన్ని పొగిడాడు. ఇద్దరికీ మళ్లీ తేడా వచ్చింది. భయపడి మాట మార్చుకున్నారు. మళ్లీ తేడా వచ్చింది.

ఒకరు చూసి బల్ల మీద పెట్టాలి, రెండోవారు తీయాలి. టక్కుమని పెట్టడం, టక్కుమని తీయడం. పొద్దున్నే ఇక్కడికి రావాలని రాత్రి ఇంట్లోనే ఉండి కన్ను మూయని ఉమామహేశ్వర్లుకు ఆ చప్పుడు ఎక్కడో దూరంగా, నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుంది. దుకాణం గోడలకు వేలాడే తట్టలూ పారలూ మెల్లగా ఊగుతున్నట్టున్నాయి. ఈ లోకంలో ఎవరి చేతికీ ఎవరూ ఏదీ ఇవ్వకుండా అన్నీ బల్లల మీదే పెట్టుకుంటూ ఉంటే బతుకు ఎంత నెమ్మదిగా ఉండేదో అనుకున్నాడు.

"బాబాయ్, గాజు పగులుతది. చేతికి ఇచ్చుకుంటే ఏం పోతది?" అన్నాడు ఫణికృష్ణ.

ఇద్దరూ ఉలిక్కిపడి అతనివైపు చూశారు. అతను పోయి లోపలినుంచి మూడోది తెచ్చాడు. ఎర్ర పిడులు, మొద్దు సైజు, ఎన్నాళ్లనుంచో అమ్ముడుపోనిది. మూసి కొక్కెం వేసినా స్ప్రింగు ఆగదు, కప్పలా ఎగిరి తెరుచుకుంటుంది. అది ఇద్దరికీ నచ్చలేదు. ఇద్దరికీ నచ్చనిది దొరికిందని ఊపిరి పీల్చుకుని అదే కొన్నారు.

పొలం చేరేసరికి ఎండ ముదిరింది. కంది పూత మీద ఉంది. పడమట నల్లమల కొండలు నీలం కరిగిపోయి పొగలా ఉన్నాయి. చేను చూసుకునే బయన్న నిచ్చెన నిలబెట్టి, దాని పైకొనను బొటనవేలి లావు కొమ్మకు తాడుతో కట్టాడు. కత్తెర పైకి ఎట్లా పోవాలన్నది ప్రశ్న అయింది. ఉమామహేశ్వర్లు పైన ఉండి, వేణుగోపాల్ కింద ఉంటే అందుకోవడం కుదరదు. నిచ్చెన మెట్టు మీద పెడితే అది ఎగిరి దూకింది. తువాలులో మూటగట్టి లాగుదామన్నాడు ఒకడు. తువాలు రెండు కొసలూ ఇద్దరి చేతుల్లో ఉంటే చేతికి ఇచ్చినట్టా కాదా అన్నాడు ఇంకొకడు. బయన్నను మధ్యలో ఉండి అందించమన్నారు.

బయన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "అది మీ ఇద్దరి మధ్య ఉండేదన్నా. నాకు తగిలిస్తే నేను మీ ఇద్దరితోనూ తగువు పడాల. నాకాడ అంత ఓపిక లేదు." అని గుడిసెకు అన్నం తినడానికి పోయాడు.

చివరికి వేణుగోపాల్ కూడా కత్తెర నడుముకు దోపుకుని మంచె ఎక్కాడు. కోసినవాడు దాన్ని ఇద్దరి మధ్యా మోకాలితో అదిమి పెట్టి, రెండోవాడు పట్టుకున్నాక మోకాలు తీసేవాడు. పని సాగింది. ఉమామహేశ్వర్లు రెండు రెమ్మలు కోసి, కత్తెర మోకాలి కింద పెట్టి, బావ తీసుకున్నాక చెట్టు మానుకు వీపు ఆనించాడు. రెమ్మ తెగిన చోటినుంచి పచ్చి వేప వాసన వస్తోంది. గాలి తిరిగింది. కంది మీదుగా పసుపు అల ఒకటి లేచి కొండలదాకా పోయింది. ఆ అలతోపాటు అతనూ పోయాడు.

సీతామహాలక్ష్మి వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆమె వెనక కిటికీలో కొండలున్నాయి. ఇంట్లో కొండలు ఎట్లా వచ్చాయని అతనికి అనిపించలేదు. ఆమె చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. ఎండన పడి వచ్చినావు, తాగు అంటోంది. అతను చెయ్యి చాచాడు.

అదే సమయానికి మంచె మీద వేణుగోపాల్‌కు కొయ్యడంలో రుచి తెలిసింది. అడ్డమున్నవి అయిపోయాక అడ్డం లేనివి మొదలుపెట్టాడు. బొటనవేలి లావు కొమ్మ ఒకటి నున్నగా కనపడితే దాన్నీ కొరికించాడు. దానికి కట్టిన తాడు, తాడుకు కట్టిన నిచ్చెన, మూడూ కలిసి చప్పుడు లేకుండా కందిలోకి వాలిపోయాయి. అతను కిందికి తొంగి చూశాడు. ఉమామహేశ్వర్లు చూస్తే తగువు ఖాయం. తిరిగి చూసేసరికి ఉమామహేశ్వర్లు చెయ్యి చాచి ఉన్నాడు. తన వంతు అడుగుతున్నాడనుకుని, అసలు సంగతి అడగకముందే పని అప్పజెప్పాలన్న తొందరలో, కత్తెర ఆ చేతిలో పెట్టేశాడు.

మజ్జిగ గ్లాసు ఇంత బరువుందేమని ఉమామహేశ్వర్లు కళ్లు తెరిచాడు. చేతిలో ఎర్ర పిడులున్నాయి. చేతికి చెయ్యి ఇంకా ఆనుకునే ఉంది. ఇద్దరూ ఆ చేతుల్ని చూశారు. తర్వాత నిచ్చెన లేని చోటు చూశారు.

"బావా, ఏమీ అనవాకు. నేనూ అనను. మాట్లాడితేనే గదా తగువు. పొద్దు గుంకేదాకా నోరు మూసుకుందాం. పొద్దు దాటితే దీని దోషం పోతది."

వేణుగోపాల్ తల ఊపాడు. ముఖాలు చూసుకుంటే కోపం వస్తుందని ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చున్నారు. కత్తెర ఎటు పెట్టినా ఎగురుతుండడంతో ఉమామహేశ్వర్లు దాన్ని గుప్పిట్లోనే అదిమిపట్టాడు. ఒక పాలపిట్ట వచ్చి తెగిన కొమ్మ మీద వాలి వీళ్లను చూసి పోయింది. నీడలు సాగాయి. కింద బండి సంచిలో వేణుగోపాల్ ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఉమామహేశ్వర్లు ఫోను ఇంట్లోనే ఉంది, నిద్ర చెడగొడుతుందని అతను దాన్ని ఏనాడూ మంచె మీదికి తేడు. ఆ మోతా, ఆ గాలీ కలిసి, ఏదో పెళ్లి ఊరేగింపు కొండల అవతల పోతున్నట్టుంది. ఏడాదిలో ఎన్నడూ ఆ ఇద్దరూ ఇంత సఖ్యంగా లేరు.

బయన్న తిరిగి వచ్చి చూశాడు. ఏమైందని అడిగాడు. ఇద్దరూ పెదవుల మీద వేలు పెట్టారు. నిచ్చెన చూపించి సైగలు చేశారు. అంతలో ఫోను మళ్లీ మోగింది. బయన్న తీశాడు. అవతల కన్యక. అతనికి అబద్ధం చెప్పే అలవాటు లేదు, ఆగి ఆలోచించే అలవాటూ లేదు.

"ఇద్దరూ మాట్లాడుకోవడం లేదక్కా. వీపులు తిప్పుకుని కూచున్నారు. నిచ్చెన కింద పడి ఉంది. తమ్ముడి చేతిలో కత్తెర ఉంది." ఆమె చెప్పింది విని ఫోను సంచిలో పెట్టి పైకి చూశాడు. "అక్క వచ్చేదాకా దింపొద్దంట."

కన్యక ఒక్కతే రాలేదు. స్కూటరు వెనక ప్రైవేటు సర్వేయరు కరుణాకరం కూర్చుని ఉన్నాడు, అతని ఒళ్లో కొలత టేపు ఉంది. పొద్దు ఇంకా కొండ మీద జానెడు ఎత్తుంది. ఆమె దిగి మంచెకేసి చూడను కూడా చూడకుండా, గట్టు ఈ కొసనుంచి పట్టమని చెప్పింది. టేపు గరగరమంటూ కందిలోకి పాకింది. వేపచెట్టు మొదలు దాటి అవతల ఆగింది. చెట్టు ఆమె వైపే పడింది.

ఉమామహేశ్వర్లు ఇక ఆగలేకపోయాడు. తగువు లేదు, ఏమీ లేదు, రాకుండా ఉండాలనే మాట్లాడలేదు అన్నాడు. మరి తగువు రావలసిన పనేం జరిగిందని ఆమె అడిగింది. ఎవరు ఎవరి చేతికి ఇచ్చారని అడిగింది. మంచె మీద ఇద్దరూ కత్తెరకేసి చూశారు. కరుణాకరం మేకు తీసి సుత్తి ఎత్తాడు.

బావమరిది మంచె ఎట్లాగైనా నిలబెట్టాలని వేణుగోపాల్‌కు ఆ క్షణంలో నిజంగానే అనిపించింది. ఏడాది పగలో ఒక్క మంచి పని చేద్దామనుకున్నాడు. అటువంటి మనుషులు ఆ ఒక్క పని ఎప్పుడూ సరిగ్గా చేయరు.

"తప్పంతా నాదే. వాడిదేం లేదు. నేనే ఇచ్చినా. వాడు తీసుకున్నట్టు వాడికి తెలవనే తెలవదు. నేను కొమ్మలు కోస్తున్నంతసేపూ వాడు నిద్రలో ఉండాడు. ఎక్కిన కాసేపటికే పడుకున్నాడు, ఎంత హాయిగానో. అలవాటైన చోటు గదా."

కరుణాకరం సుత్తి గాలిలోనే ఆగింది. కన్యక మొదటిసారి మంచెను తేరిపార చూసింది. కొమ్మలన్నీ పోయాక అక్కడ దేనికీ దాగే చోటు మిగల్లేదు. చుట్టి పెట్టిన పరుపు, దిండు, దుప్పటి, ఎండకు కట్టుకునే తెర.

"కొమ్మలు అడ్డమన్నావు గదరా" అంది.

ఇంట్లో నిద్ర పట్టడం లేదని ఉమామహేశ్వర్లు చిన్నగా చెప్పాడు. ఆ మాట కిందికి వచ్చేసరికి సగం గాలికి పోయింది. మిగిలిన సగం ఆమెకు చాలింది. టేపు చుట్టమని కరుణాకరానికి చేత్తోనే చెప్పింది.

చేను పంచలేదు. చెట్టు కొట్టలేదు. మంచె అతనికే ఉంది. తమ్ముణ్ణి ఒంటరిగా వదిలినందుకు కన్యక తనను తాను తిట్టుకుని, ఆ రోజునుంచి రోజూ రాత్రి అతనికి తోడుగా మొగుణ్ణి మంచె మీదికి పంపడం మొదలుపెట్టింది. వేణుగోపాల్ తల దిండుకు ఆనకముందే నిద్రపోయే మనిషి. అతని గురకకు మంచె కట్లు అదురుతాయి. తగువు పడకూడదు కాబట్టి ఉమామహేశ్వర్లు లేపడు. రెమ్మలు లేని ఆకాశంలోకీ, వెన్నెల పరుచుకున్న కందిలోకీ కళ్లు తెరుచుకుని తెల్లారేదాకా చూస్తూ కూర్చుంటాడు.

ఆ ఏడు కందికి కాపలా సరిగ్గా జరిగింది.